ఇంటర్నెట్‌ని నడిపేదెవరు, దౌత్యం ఎందుకు మారింది: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ మొగల్రాజపురంలో ఒక ఫ్రెండ్ వాళ్ళ డాబా మీద నెలకి రెండు ఆదివారాలు మేం కొంతమందిమి కూర్చుని ఇంటర్నెట్ పాలసీ గురించి చదువుకుంటాం. గ్రూప్ 1కి ప్రిపేరయ్యేవాళ్ళు, లా చదివేవాళ్ళు, గుంటూరు నుంచి ట్రైన్‌లో వచ్చే ఇద్దరు బీటెక్ పిల్లలు, రిటైరైన పోస్ట్‌మాస్టర్ గారు ఒకరు ఉంటారు. కొత్తవాళ్ళు వచ్చిన ప్రతిసారీ అవే డౌట్లు వస్తున్నాయి, వాట్సాప్‌లో జవాబు పెడితే నాలుగు రోజులకి పైకి వెళ్ళిపోయి ఎవరికీ దొరకడం లేదు. అందుకని అడిగినవాళ్ళ మాటల్లోనే ప్రశ్నలు పెట్టి ఇక్కడ రాశాను. మీకు కావాల్సిన చోటికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## మొదట్లో వచ్చే డౌట్లు

ఇంటర్నెట్ గవర్నెన్స్ అంటే గవర్నమెంట్ నెట్‌ని కంట్రోల్ చేయడమేనా?

కాదండీ. మన డెల్టాలో కాలువ నీళ్ళు ఎలా నడుస్తాయో చూడండి. బ్యారేజీ దగ్గర గేట్లు ఇరిగేషన్ వాళ్ళ చేతిలో ఉంటాయి, తూముల దగ్గర లస్కర్ ఉంటాడు, ఎవరికి ఏ రోజు వంతు అన్నది నీటి సంఘంలో మాట్లాడుకుంటారు, చివరి ఆయకట్టు రైతు వచ్చి మాకు నీళ్ళు రాలేదని గొడవ పెడతాడు. వీళ్ళందరూ కలిస్తేనే కాలువ నడిచేది. ఇంటర్నెట్ కూడా అంతే. ప్రభుత్వాలు, కంపెనీలు, ఇంజనీర్లు, పౌర సంఘాలు ఎవరి పాత్రలో వాళ్ళు ఉండి కలిసి రూల్స్, పద్ధతులు తయారుచేసుకోవడాన్నే ఇంటర్నెట్ గవర్నెన్స్ అంటారని 2005లో ఐక్యరాజ్యసమితి వేసిన ఒక వర్కింగ్ గ్రూప్ చెప్పింది, ఇప్పటికీ అందరూ దాన్నే పట్టుకుంటారు. ప్రభుత్వం చేసే కంట్రోల్ అందులో ఒక ముక్క. నా బాధల్లా మనం చివరి ఆయకట్టులో ఉండి కూడా మీటింగ్‌కి వెళ్ళకపోవడం గురించే.

ఇంతకీ ఇంటర్నెట్‌కి ఓనర్ ఎవరు? అమెరికానే కదా?

మొత్తానికి కలిపి ఓనర్ అంటూ ఎవరూ లేరు. తీగలు టెలికాం కంపెనీలవి, సర్వర్లు వాటిని పెట్టుకున్నవాళ్ళవి. కానీ ఒక్క పని మాత్రం ఒకే చోట జరగాలి: ఏ పేరు ఏ నంబరుకి వెళ్ళాలో చెప్పే జాబితా రెండు రకాలుగా ఉంటే నెట్ పనిచేయదు. ఆ జాబితా తలకట్టు భాగాన్ని చూసేది ఐకాన్ అనే లాభాపేక్ష లేని సంస్థ, 1998లో కాలిఫోర్నియాలో పెట్టారు. చాలా ఏళ్ళు అది అమెరికా వాణిజ్య శాఖతో కాంట్రాక్ట్ కింద నడిచింది. 2013లో అమెరికా నిఘా సంస్థకి పనిచేసిన స్నోడెన్ బయటపెట్టిన ఆ దేశపు నిఘా సంగతులతో ప్రపంచానికి కోపం వచ్చాక ఆ కాంట్రాక్ట్ వదులుకోవాలన్న ఒత్తిడి బాగా పెరిగింది, 2016 అక్టోబర్ 1 నుంచి అది లేదు. ఆ తర్వాత ఐకాన్ పెట్టిన మొదటి పెద్ద మీటింగ్ ఎక్కడో తెలుసా? హైదరాబాద్‌లో, 2016 నవంబర్‌లో. మనకి ఐదారు గంటల దూరం. మన ఊళ్ళ నుంచి ఎంతమంది వెళ్ళారో అని నాకు ఇప్పటికీ అనిపిస్తూ ఉంటుంది.

ఇక ఆ తలకట్టు జాబితాని అందించే రూట్ సర్వర్లు 13 పెట్టెలుగా అమెరికాలో ఉన్నాయనేది పాత మాట. 13 అన్నది ఏ నుంచి ఎం వరకు ఉన్న పేర్ల లెక్క. వాటిని 12 సంస్థలు నడుపుతాయి, కాపీలు ప్రపంచమంతా వెయ్యికి పైగా చోట్ల ఉన్నాయి, ఇండియాలో కూడా ఉన్నాయి.

సైబర్ డిప్లొమసీ, డిజిటల్ డిప్లొమసీ, డిజిటల్ పాలసీ అన్నీ ఒకటేనా?

వాడుకలో కలిపేస్తుంటారు కానీ తేడా ఉంది. దేశాల మధ్య హ్యాకింగ్, సైబర్ దాడులు, వాటికి అంతర్జాతీయ చట్టం ఎలా వర్తిస్తుంది అన్న చర్చ సైబర్ డిప్లొమసీ. ఎంబసీలు తమ పనికి సోషల్ మీడియా, వీడియో కాల్స్ వాడుకోవడాన్ని ఎక్కువమంది డిజిటల్ డిప్లొమసీ అంటారు. డేటా, పన్నులు, యాప్‌లు, ఏఐ మీద ఒక దేశం లోపల పెట్టుకునే రూల్స్ డిజిటల్ పాలసీ. పరీక్షలో అడిగితే ఇలా రాయండి, సరిపోతుంది.

వెబ్‌సైట్ అడ్రస్ తెలుగులో పెట్టుకోవచ్చా? ఎవరైనా వాడుతున్నారా?

పెట్టుకోవచ్చు. చివర డాట్ ఇన్ ఉన్నట్టే డాట్ భారత్ అని తెలుగు లిపిలోనే ఉంది. డాట్ ఇన్‌ని, దీన్ని కూడా చూసేది నిక్సీ అనే మన దేశ సంస్థ. పేరు తీసుకోవడం తేలిక, కష్టమంతా ఆ తర్వాతే. తెలుగు అక్షరాలతో ఒక ఈమెయిల్ అడ్రస్ పెట్టుకుని ఒక దరఖాస్తు ఫారంలో ఇచ్చాను, ఎర్ర అక్షరాల్లో 'ఇన్‌వాలిడ్ ఈమెయిల్' అని వచ్చింది. మూడుసార్లు ప్రయత్నించి చివరికి ఇంగ్లీష్ అడ్రసే ఇచ్చాను. ఇలాంటి అడ్రస్‌లని అన్ని సాఫ్ట్‌వేర్లూ ఒప్పుకోవాలని ఐకాన్ చుట్టూ ఒక ప్రయత్నం నడుస్తోంది, దాన్ని యూనివర్సల్ యాక్సెప్టెన్స్ అంటారు.

ఈ విషయాన్ని చిన్నదిగా చూడొద్దని చెప్పడానికి నేనెప్పుడూ ఒక సంఘటన చెబుతాను. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న మన అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లో యాప్‌లు ఆగిపోయేవి. ఒక్క అక్షరం! జ కింద ఞ ఒత్తు, దానికి దీర్ఘం, ఆ కూర్పుని గీయడం దగ్గర సాఫ్ట్‌వేర్ తడబడింది. కొన్ని రోజులకి ఆపిల్ అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. మన భాషని టెస్ట్ చేసేవాళ్ళు ఆ గదిలో ఉండుంటే అది బయటికి వచ్చేది కాదని నా నమ్మకం.

## రూల్స్ ఎక్కడ తయారవుతాయి

ఐక్యరాజ్యసమితి ఉంది కదా, అక్కడే అన్నీ తేల్చేస్తే పోలా?

చాలా దేశాలు అదే అడిగాయి. మా పోస్ట్‌మాస్టర్ గారికి ఇష్టమైన కథ ఇది: 1865లో పారిస్‌లో దేశాలు కలిసి తంతి యూనియన్ పెట్టుకున్నాయి. అంతకుముందు టెలిగ్రామ్ సరిహద్దు దగ్గర ఆగిపోయేది, అవతలి దేశం వాళ్ళకి కాగితం చేతికిచ్చి మళ్ళీ కొట్టించేవాళ్ళు. ఆ యూనియనే ఇప్పటి ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం యూనియన్), జెనీవాలో ఉంది, ఐక్యరాజ్యసమితి సంస్థ. ఇంటర్నెట్ కూడా వీళ్ళ కిందికే రావాలని కొన్ని దేశాలు గట్టిగా పట్టుబట్టాయి. 2012లో దుబాయ్‌లో జరిగిన ఐటీయూ సదస్సులో ఆ గొడవ ముదిరి, 89 దేశాలు కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టాయి, అమెరికా, యూరప్ దేశాలు చాలావరకు పెట్టలేదు. ఇండియా కూడా పెట్టలేదు.

వద్దనేవాళ్ళ వాదన ఏంటంటే ఐక్యరాజ్యసమితిలో ఓటు ప్రభుత్వాలదే, నెట్‌ని కట్టిన ఇంజనీర్లకి, వాడే జనానికి అక్కడ కుర్చీ ఉండదు. కావాలనేవాళ్ళ వాదన కూడా కొట్టిపారేసేది కాదు: అందరూ కూర్చునే చోట పెద్ద కంపెనీల మనుషులు పదిమంది వస్తారు, పేద దేశం నుంచి ఒక్కడు కూడా టికెట్ కొనుక్కోలేడు. రెండూ నిజమే.

ఐజీఎఫ్ (ఇంటర్నెట్ గవర్నెన్స్ ఫోరమ్) మీటింగ్‌లో ఏ నిర్ణయమూ తీసుకోరట, మరి ఏటా ఎందుకు పెడతారు?

నిజమే, అక్కడ ఓటింగ్ ఉండదు, ఒప్పందాలు కుదరవు. 2003లో జెనీవా, 2005లో ట్యునిస్‌లో సమాచార సమాజం మీద జరిగిన ప్రపంచ సదస్సుల్లో ఎవరి మాటా నెగ్గక, కనీసం అందరూ కూర్చుని మాట్లాడుకునే చోటు ఒకటి ఉండాలని ఇంటర్నెట్ గవర్నెన్స్ ఫోరమ్‌ని పుట్టించారు. మొదటిది 2006లో ఏథెన్స్‌లో. 2008 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో జరిగింది, ముంబై దాడులు జరిగి వారం కూడా గడవలేదు, అయినా వాయిదా వేయకుండా నడిపారు. 2015లో ఇంకో పదేళ్ళు పొడిగించారు, 2025 డిసెంబర్‌లో జనరల్ అసెంబ్లీ దాన్ని శాశ్వతం చేసింది.

నిర్ణయాలు లేకపోవడమే దాని బలం అని నేననుకుంటాను. సంతకం పెట్టాల్సిన పని లేనప్పుడు అధికారులు కాస్త మనసు విప్పి మాట్లాడతారు. అక్కడ నలిగిన మాటే రెండేళ్ళకి ఎక్కడో ఒక చట్టంలో కనిపిస్తుంది.

ఈ గొడవల్లో ఇండియా ఎవరి వైపు?

ఒకే వైపు నిలబడలేదు. 2011లో ఐక్యరాజ్యసమితిలో 50 దేశాలతో ఒక కమిటీ పెట్టి ఇంటర్నెట్ పాలసీ దానికి అప్పగించాలని ఇండియానే ప్రతిపాదించింది. 2015 జూన్‌లో బ్యూనస్ ఎయిర్స్‌లో జరిగిన ఐకాన్ మీటింగ్‌లో అప్పటి ఐటీ మంత్రి రవిశంకర్ ప్రసాద్ అందరూ కలిసి నడిపే పద్ధతికే మా మద్దతు అని ప్రకటించారు. కానీ దేశ భద్రత, డేటా విషయానికి వచ్చేసరికి ప్రభుత్వం మాటే చివరి మాట అన్న పట్టు వదల్లేదు. 2019లో ఒసాకాలో జీ20 సందర్భంగా డేటా దేశాల మధ్య స్వేచ్ఛగా తిరగాలన్న ప్రకటన మీద ఇండియా, ఇండోనేషియా, దక్షిణాఫ్రికా సంతకం పెట్టలేదు. డేటా మాది, దాని మీద సంపాదన మీది అంటే ఎలా అన్నది మనవాళ్ళ ప్రశ్న. నాకది న్యాయమైన ప్రశ్నే అనిపిస్తుంది.

గ్లోబల్ డిజిటల్ కాంపాక్ట్ అంటే చట్టమా?

కాదు. 2024 సెప్టెంబర్‌లో న్యూయార్క్‌లో దేశాధినేతలు ఒప్పుకున్న పత్రం, పాటించకపోతే శిక్ష ఏమీ లేదు. అందరికీ కనెక్టివిటీ, డేటా, ఏఐ లాంటి విషయాల్లో దేశాలు ఏ దిక్కుకి వెళ్ళాలనుకుంటున్నాయో అందులో ఉంటుంది.

డేటా చట్టం వచ్చింది కదా, మరి ప్రతి చోటా ఆధార్ జిరాక్స్ అడుగుతూనే ఉన్నారేంటి?

వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, రూల్స్ మాత్రం 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. కంపెనీల మీద పడే అసలు బాధ్యతలకి అక్కడి నుంచి 18 నెలల గడువు ఇచ్చారు, అందుకే ఇంకా తేడా కనిపించదు. ఇంకో మెలిక ఉంది, ఇది చాలామందికి తెలీదు: ఈ చట్టం డిజిటల్ రూపంలో ఉన్న డేటాకే వర్తిస్తుంది. లాడ్జిలో మీరిచ్చిన జిరాక్స్ కాగితంగా ఫైల్లో ఉన్నంతసేపు దీని కిందికి రాదు, దాన్ని స్కాన్ చేసి కంప్యూటర్లో పెడితే వస్తుంది. తప్పు చేస్తే జరిమానా 250 కోట్ల దాకా వేయొచ్చు. ఏ డేటా ఉందో అడగడం, సరిచేయించడం, తీసేయించడం మీ హక్కులు. 2018లో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ ఇచ్చిన డ్రాఫ్ట్‌లో డేటా కాపీ ఒకటి ఇండియాలోనే ఉంచాలని ఉండేది, అమెరికా కంపెనీలు గట్టిగా వ్యతిరేకించాయి. చివరికి వచ్చిన చట్టంలో ప్రభుత్వం వద్దన్న దేశాలకి తప్ప ఎక్కడికైనా పంపొచ్చని పెట్టారు.

## మన ఇంటి దాకా వచ్చినప్పుడు

అమెరికా వీసాకి ఇన్‌స్టా పబ్లిక్‌గా పెట్టాలంటున్నారు, నిజమేనా? పాత పోస్టులు తీసేయమంటారా?

నిజమే. వీసా దరఖాస్తుకి నింపే డీఎస్-160 ఫారంలో గత ఐదేళ్ళలో వాడిన సోషల్ మీడియా ఐడీలు అడగడం 2019 నుంచే ఉంది. 2025 జూన్‌లో ఎఫ్, ఎమ్, జె వీసాలకి, అంటే చదువుకి, ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాంలకి వెళ్ళేవాళ్ళు ప్రొఫైల్స్ పబ్లిక్‌గా పెట్టాలన్నారు. 2025 డిసెంబర్ నుంచి హెచ్-1బీ, హెచ్-4 వాళ్ళకి కూడా.

గుంటూరు అరండల్‌పేటలో ఒక నెట్ సెంటర్లో నా ముందు కుర్చీలో ఒక అమ్మాయి ఫారం నింపించుకుంటోంది, పక్కన వాళ్ళ నాన్నగారు చేతిలో ఫైలుతో నిలబడ్డారు. ఐడీల దగ్గరికి వచ్చేసరికి నింపే అబ్బాయి "ఒక్కటి రాస్తే చాలులే" అన్నాడు. ఆ అమ్మాయి ఫోన్ తీసి ఒక్కో ఫోటో జరుపుతూ, కాలేజీలో ధర్నా చేసిన ఫోటో దగ్గర ఆగిపోయింది. పది నిమిషాలు. వాళ్ళ నాన్నగారు ఏమీ అనలేదు, కండువాతో మెడ తుడుచుకున్నారు. చివరికి ఆ ఫోటో తీసేసింది. ఎక్కడో వాషింగ్టన్‌లో రాసిన రూల్ గుంటూరులో ఒక పిల్ల నోరు ఎలా నొక్కుతుందో నా కళ్ళతో చూశాను.

నేను చెప్పేది ఇంతే. వాడిన ఐడీలన్నీ రాయండి, ఎవరు ఒక్కటి చాలన్నా వినొద్దు, ఫారంలో దాచిపెట్టారని తేలితే అది పోస్టు కంటే పెద్ద సమస్య అవుతుంది. కొత్తగా శుభ్రమైన అకౌంట్ తెరిచి పాతది దాచే పని అసలు చేయొద్దు. పబ్లిక్ చేసే ముందు ఫోన్ నంబర్, ఇంటి అడ్రస్, పుట్టినరోజు, ఐడీ కార్డు ఫోటోలు తీసేయండి, ఎందుకంటే పబ్లిక్ అంటే వీసా ఆఫీసర్‌కే కాదు, మోసగాళ్ళకి కూడా. రూల్స్ మారుతుంటాయి, కాన్సులేట్ వెబ్‌సైట్ ఒక్కటే నమ్మండి. పోస్టులు తీసేయాలా వద్దా అన్నది మీ మనసుకి సంబంధించింది, దాని మీద నేను సలహా ఇవ్వలేను.

మా తమ్ముడికి కాంబోడియాలో డేటా ఎంట్రీ జాబ్ అన్నారు, జీతం 80 వేలు. పంపొచ్చా?

ఆగండి. ఇలాంటి మాటలు నమ్మి వెళ్ళి కాంబోడియా, మయన్మార్, లావోస్‌లలో స్కామ్ కేంద్రాల్లో చిక్కుకున్న తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. దిగగానే పాస్‌పోర్ట్ లాక్కుంటారు, ఫోన్లో మనవాళ్ళనే మోసం చేయమంటారు, చేయకపోతే కొడతారు. 2024 మే నెలలో విశాఖ పోలీసులు ఏజెంట్లని పట్టుకున్నాకే మన రాష్ట్రంలో ఇది పెద్ద వార్త అయింది. 2025 మార్చిలో థాయ్‌లాండ్ సరిహద్దు నుంచి రెండు రోజుల్లో 549 మంది భారతీయుల్ని వైమానిక దళ విమానాల్లో తీసుకొచ్చారు.

చూడాల్సినవి: ఏజెంట్‌కి విదేశాంగ శాఖ లైసెన్స్ ఉందా అన్నది ఈమైగ్రేట్ పోర్టల్లో తెలుస్తుంది. టూరిస్ట్ వీసా మీద రమ్మని, అక్కడికెళ్ళాక మారుస్తాం అంటే అది మోసమే అనుకోండి. ఇప్పటికే వెళ్ళి ఇరుక్కుంటే ఆ దేశంలోని భారత ఎంబసీకి, విదేశాల్లో ఉన్న మనవాళ్ళ ఫిర్యాదుల కోసం విదేశాంగ శాఖ నడిపే మదద్ పోర్టల్లో కూడా ఫిర్యాదు పెట్టండి, పాస్‌పోర్ట్ కాపీ, చివరిసారి పంపిన లొకేషన్ జతచేయండి.

దౌత్యం ఇక్కడ ఎందుకంటే, ఫోన్ చేసేవాడు ఒక దేశంలో, డబ్బు పోయినవాడు ఇంకో దేశంలో, ఖాతా మూడో దేశంలో. పోలీసులు సరిహద్దు దాటి సాక్ష్యం తెచ్చుకోవాలంటే ఒప్పందం కావాలి. సైబర్ నేరాల మీద 2001 నాటి బుడాపెస్ట్ ఒప్పందంలో ఇండియా చేరలేదు, దాన్ని రాసేటప్పుడు మమ్మల్ని పిలవలేదన్నది ఒక కారణం. 2024 డిసెంబర్ 24న ఐక్యరాజ్యసమితి సైబర్ నేరాల మీద కొత్త ఒప్పందాన్ని ఆమోదించింది, 2025 అక్టోబర్‌లో హనోయిలో సంతకాలు మొదలయ్యాయి. అమల్లోకి రావాలంటే 40 దేశాలు ఖరారు చేయాలి. మానవ హక్కుల సంఘాలకి దీని మీద భయాలున్నాయి, జర్నలిస్టుల మీద వాడతారేమోనని, ఆ భయం అర్థం లేనిది కాదు.

'డిజిటల్ అరెస్ట్' అని వీడియో కాల్ వచ్చింది, ఏం చేయాలి?

ఫోన్ పెట్టేయండి. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. డబ్బు పంపేసి ఉంటే ఒక్క నిమిషం ఆలోచించకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టండి, ఎంత త్వరగా చెబితే బ్యాంకులో ఆ డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

టిక్‌టాక్ ఆపేసింది చట్టం వల్లా, చైనాతో గొడవ వల్లా?

రెండూ. 2020 జూన్ 15న గల్వాన్‌లో చైనా సైన్యంతో ఘర్షణలో మన సైనికులు 20 మంది చనిపోయారు, సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు గారు అందులో ఉన్నారు. జూన్ 29న టిక్‌టాక్‌తో కలిపి 59 చైనా యాప్‌లని ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద ఆపేశారు. ఆ సెక్షన్ దేశ భద్రత, సార్వభౌమత్వం లాంటి కారణాలకి వాడతారు. యాప్‌ని ఆపడం కూడా ఒక దేశం ఇంకో దేశానికి పంపే సందేశం అని అప్పుడే అందరికీ అర్థమైంది.

గొడవలప్పుడు నెట్ కట్ చేస్తారు కదా, ఆ హక్కు ఎవరిచ్చారు?

టెలికాం చట్టం కింద రూల్స్ ఉన్నాయి. మామూలుగా రాష్ట్ర హోం సెక్రటరీ ఆర్డర్ ఇవ్వాలి, దాన్ని ఒక కమిటీ పరిశీలించాలి. 2020 జనవరిలో, కశ్మీర్‌లో నెట్ ఆపడం మీద వచ్చిన అనురాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు ఆర్డర్లని బయటపెట్టాలని, నిరవధికంగా ఆపకూడదని చెప్పింది. 2022 మే నెలలో అమలాపురం అల్లర్లప్పుడు కోనసీమలో రోజుల తరబడి నెట్ లేదు.

నెట్ లేకపోవడమంటే ఏంటో విజయవాడ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు ఎవరూ ఆపమని ఆర్డర్ ఇవ్వలేదు, కరెంటు పోయి టవర్లు పడిపోయాయి, అంతే. సింగ్‌నగర్‌లో మా పిన్ని వాళ్ళు రెండో అంతస్తు డాబా మీద 4 శాతం బ్యాటరీతో ఫోన్ పైకెత్తి పట్టుకుని ఒక్క గీత సిగ్నల్ కోసం చూశారు. "పాలు లేవు, బాగున్నాం" అని ఒకే మెసేజ్ వచ్చింది, ఆ తర్వాత పద్దెనిమిది గంటలు ఏమీ లేదు. వరద చేసిన ఆ పనిని ఆర్డర్ మీద చేసే అధికారం ఒకరి చేతిలో ఉన్నప్పుడు, ఆ ఆర్డర్ కాగితం జనానికి కనపడాలని అడగడం చాలా చిన్న కోరిక.

ఎర్ర సముద్రంలో కేబుల్ తెగితే మన దగ్గర స్లో ఎందుకు? నెట్ శాటిలైట్ నుంచి కదా వచ్చేది?

కాదు, ఖండాల మధ్య డేటా దాదాపు మొత్తం సముద్రం అడుగున తీగల మీదే నడుస్తుంది. మనకి అవి ముంబై, చెన్నై లాంటి చోట్ల ఒడ్డుకొస్తాయి. యూరప్ దారి ఎర్ర సముద్రం మీదుగానే. ప్రపంచంలో ఏటా 150 నుంచి 200 వరకు తెగుతుంటాయి, ఎక్కువగా చేపల వలలు, లంగర్ల వల్లే. 2024లో యెమెన్‌లోని హూతీ తిరుగుబాటుదారుల క్షిపణి తగిలిన రూబీమార్ అనే ఓడ లంగరు ఈడ్చుకుంటూ వెళ్ళి కేబుళ్ళు తెంపింది, బాగుచేయడానికి నెలలు పట్టింది. యుద్ధం నడిచే నీళ్ళలోకి మరమ్మతు ఓడ వెళ్ళాలంటే ఎవరి అనుమతి తీసుకోవాలి చెప్పండి? 2025 సెప్టెంబర్‌లో మళ్ళీ తెగాయి. 2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖలో ఐదేళ్ళలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించినప్పుడు అందరూ ఏఐ డేటా సెంటర్ గురించే మాట్లాడారు, అందులో సముద్ర కేబుళ్ళ గేట్‌వే కూడా ఉంది. నాకైతే అదే పెద్ద వార్త.

## దౌత్యం మారిన తీరు

ఎంబసీలు ఉండగా ట్విట్టర్‌లో దౌత్యం ఏంటి?

సుష్మా స్వరాజ్ గారు విదేశాంగ మంత్రిగా ఉన్న 2014 నుంచి 2019 వరకు గుర్తుచేసుకోండి. గల్ఫ్‌లో ఇరుక్కున్న కూలీ కొడుకు ఒక ట్వీట్ పెడితే మంత్రి నేరుగా జవాబిచ్చేవారు. అంగారకుడి మీద ఇరుక్కున్నా అక్కడి భారత ఎంబసీ సాయం చేస్తుందని ఆవిడ రాసింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. దౌత్యం అంటే రాజులూ సంధులూ అనుకునేవాళ్ళకి అది తమ ఇంటి విషయం అని ఆవిడే చూపించారు. అయితే ట్వీట్ ఒక్కటే పెట్టి ఊరుకోవద్దు, మదద్ పోర్టల్లో నంబర్ వస్తుంది, రేపు ఎవరినైనా అడగాలంటే ఆ నంబరే ఆధారం.

అన్నీ వీడియో కాల్స్ అయ్యాక రాయబారి ఎందుకింక?

2020లో కోవిడ్ వల్ల ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీకి దేశాధినేతలు రికార్డు చేసిన వీడియోలు పంపారు. ప్రసంగాలు జరిగాయి, బేరాలు జరగలేదు. బేరం కుదిరేది కారిడార్లో, టీ దగ్గర, రాత్రి ఒంటిగంటకి ఒక్క పదం మార్చుకుందామని పక్కకి పిలిచినప్పుడు. ఇంకోటి, రాసినదేదైనా బయటికి రావచ్చు: అమెరికా రాయబారులు పంపిన రెండున్నర లక్షల కేబుళ్ళు, అంటే అధికారిక సందేశాలు, వికీలీక్స్ 2010 నుంచి బయటపెట్టింది. ఎంబసీ కాగితాలు ముట్టుకోకూడదని 1961 వియన్నా ఒప్పందం ఉంది, సర్వర్‌లో ఉన్నదాన్ని ఒప్పందం కాపాడలేదు. అందుకే మనిషికి మనిషి ఎదురుగా కూర్చోవడం విలువ పెరిగిందనే నేనంటాను.

టెక్ అంబాసిడర్ అంటే కంపెనీకి రాయబారా?

అవును, అలాగే మొదలైంది. 2017లో డెన్మార్క్ సిలికాన్ వ్యాలీకి ఒక రాయబారిని పంపింది, ఆ కంపెనీల బలం చాలా దేశాల కంటే ఎక్కువని గుర్తించి. తర్వాత ఎన్నో దేశాలు అదే దారి పట్టాయి. మన విదేశాంగ శాఖలో సైబర్ దౌత్యానికి ఒక విభాగం, 2020 నుంచి కొత్త టెక్నాలజీలకి నెస్ట్ అనే ఇంకో విభాగం ఉన్నాయి.

డేటా ఎంబసీలో ఎవరుంటారు?

మనుషులు ఉండరు, సర్వర్లు ఉంటాయి. 2007లో ఎస్టోనియా మీద పెద్ద సైబర్ దాడి జరిగింది. రేపు దేశాన్నే ఎవరైనా ఆక్రమించినా జనాభా రిజిస్టర్, భూమి రికార్డులు బతకాలని 2017లో లక్సెంబర్గ్‌తో ఒప్పందం చేసుకుని కాపీలు అక్కడ పెట్టింది. ఆ గదికి ఎంబసీ లాంటి రక్షణ ఉంటుంది. 2023 బడ్జెట్‌లో మన ప్రభుత్వం కూడా గుజరాత్ గిఫ్ట్ సిటీలో వేరే దేశాల డేటా ఎంబసీలకి చోటిస్తామని ప్రకటించింది.

యూపీఐని వేరే దేశాలకి ఇవ్వడం వల్ల మనకేంటి లాభం?

పలుకుబడి. 2021లో భూటాన్, 2023లో సింగపూర్ వాళ్ళ చెల్లింపుల పద్ధతి పేనౌతో లింకు, 2024 ఫిబ్రవరిలో ఫ్రాన్స్, శ్రీలంక, మారిషస్. బెసెంట్ రోడ్డులో బండి మీద అతికించిన క్యూఆర్ కోడ్ పద్ధతే ఈఫిల్ టవర్ టికెట్‌కి పనిచేసింది. 2023 జీ20లో ఇండియా ఎక్కువగా చెప్పుకున్నది ఇలాంటి డిజిటల్ మౌలిక వసతుల గురించే. గుర్తింపు కార్డులకి బెంగళూరులో తయారైన మోసిప్ సాఫ్ట్‌వేర్‌ని ఫిలిప్పీన్స్, మొరాకో లాంటి దేశాలు వాడుకుంటున్నాయి. రోడ్లు, డ్యామ్‌లు కట్టించి స్నేహం చేసుకునే కాలంలో మనం సాఫ్ట్‌వేర్ ఇచ్చి చేసుకుంటున్నాం.

మిర్చికి సుంకం ఉంటుంది, సినిమా ఫైల్‌కి ఉండదట, ఎందుకు?

ఇది యార్డులో కమీషన్ వ్యాపారం చేసే ఒకాయన అడిగారు, చాలా మంచి ప్రశ్న. గుంటూరు మిర్చి టిక్కీ ఓడ ఎక్కి ఇంకో దేశంలో దిగితే అక్కడి కస్టమ్స్ వాళ్ళు సుంకం వేయొచ్చు. అదే సినిమా, గేమ్, సాఫ్ట్‌వేర్ నెట్‌లో దిగుమతి అయితే వేయకూడదని 1998లో ప్రపంచ వాణిజ్య సంస్థలో ఒప్పుకున్నారు. తాత్కాలికం అన్నారు, పొడిగిస్తూనే వచ్చారు, 2024లో అబుదాబిలో కూడా. ఇండియా, దక్షిణాఫ్రికా అభ్యంతరం చెబుతూ వచ్చాయి: అమ్మేది ఎక్కువగా ధనిక దేశాలు, ఆదాయం పోయేది మాకు అని. ఇండియా వేరే దారి కూడా ప్రయత్నించింది, ఆన్‌లైన్ ప్రకటనల మీద 2016లో 6 శాతం లెవీ, 2020లో విదేశీ ఈకామర్స్ మీద 2 శాతం. ఇది మా కంపెనీల మీద వివక్ష అని అమెరికా తేల్చింది. రెండు శాతం 2024 ఆగస్టులో, ఆరు శాతం 2025 ఏప్రిల్‌లో తీసేశారు.

## మీరూ రావాలనుకుంటే

ఈ ఫీల్డ్‌కి ఏ డిగ్రీ కావాలి? బీటెక్ వాళ్ళు పనికొస్తారా?

అందరూ పనికొస్తారు, ఇంజనీర్లకి అయితే ఇక్కడ నిజంగా కొరత ఉంది. నెట్ ఎలా పనిచేయాలో రాసే ఐఈటీఎఫ్‌లో సభ్యత్వ రుసుము లేదు, మెయిలింగ్ లిస్ట్‌లో చేరి ఎవరైనా మాట్లాడొచ్చు, ఓటింగ్ కూడా ఉండదు. ఐకాన్ ఫెలోషిప్‌కి ఎంపికైతే ప్రయాణం ఖర్చు వాళ్ళే పెట్టుకుంటారు. ఇండియా ఇంటర్నెట్ గవర్నెన్స్ ఫోరమ్ 2021 నుంచి నడుస్తోంది. ఇన్‌సిగ్ అని ఇంటర్నెట్ గవర్నెన్స్ నేర్పే కొన్ని రోజుల స్కూల్ ఒకటి 2016 నుంచి ఉంది, మొదలుపెట్టడానికి అది మంచి చోటు.

నాకు ఇంగ్లీష్ అంత రాదు, వస్తే నవ్వుతారేమో?

మా దగ్గర నవ్వరు. బయట మీటింగుల్లో భాష కష్టమే, అబద్ధం చెప్పను. కానీ తెలుగు డొమైన్ పేర్లలో ఏ అక్షరం పక్కన ఏ ఒత్తు రావచ్చో రాసిన రూల్స్‌కి కావాల్సింది తెలుగు బాగా వచ్చినవాళ్ళే, ఆ పని మన లిపులు తెలిసిన వాలంటీర్ల బృందమే చేసింది. తెలుగు రావడమే అక్కడ అర్హత.

ప్రభుత్వం డ్రాఫ్ట్ పెట్టి అభిప్రాయాలు అడుగుతుంది, మనం రాస్తే ఎవరైనా చదువుతారా?

2015లో నెట్‌లో అన్ని వెబ్‌సైట్లనీ, యాప్‌లనీ సమానంగా చూడాలా అన్న విషయం మీద టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అభిప్రాయాలు అడిగితే పది లక్షలకి పైగా ఈమెయిళ్ళు వెళ్ళాయి. 2016 ఫిబ్రవరి 8న కొన్ని వెబ్‌సైట్లు మాత్రమే ఫ్రీగా ఇచ్చే ప్లాన్లు కుదరవని ట్రాయ్ ఆర్డర్ ఇచ్చింది. కాబట్టి రాయండి.

కాకపోతే ఎక్కడినుంచో కాపీ చేసింది పెట్టకండి. ఏ రూల్ నంబర్ గురించి, ఆ రూల్ వల్ల మన ఊళ్ళో ఏం జరుగుతుంది, దాన్ని ఎలా మార్చాలి, ఈ మూడూ ఒక పేజీలో చాలు. 2025 జనవరిలో డేటా చట్టం డ్రాఫ్ట్ రూల్స్ వచ్చినప్పుడు మేం డాబా మీద కూర్చుని పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి తల్లిదండ్రుల అనుమతి అన్న రూల్ ఒక్కటే తీసుకున్నాం. తెనాలి దగ్గర పల్లె నుంచి వచ్చే ఇంటర్ పిల్ల, ఇంట్లో ఉన్న ఒకే స్మార్ట్‌ఫోన్ ఆ పిల్లదే, అమ్మది బటన్ ఫోన్, మరి ఆ అమ్మ అనుమతి ఏ యాప్‌లో ఎలా ఇస్తుంది అని రాశాం. పోస్ట్‌మాస్టర్ గారు రెండుసార్లు దిద్దారు. గడువు మార్చి 5 వరకు పెంచారు కానీ మేం దానికి ముందే, ఫిబ్రవరి మొదటి ఆదివారం రాత్రి పంపేశాం.